కాల్ వస్తే నెట్ ఎందుకు పోతుంది?

కొండాపూర్‌లో "ఏం చేస్తుంటావ్?" అని ఎవరూ అడగరు. "ఏ కంపెనీ?" అనే అడుగుతారు. సాఫ్ట్‌వేర్ అన్నది చెప్పకుండానే అర్థమైపోతుంది. నాదీ సాఫ్ట్‌వేరే గానీ కొంచెం వేరే రకం. మొబైల్ టవర్ దగ్గర బేస్ స్టేషన్ ఉంటుంది కదా, అందులో ఏ ఫోన్‌కి ఎప్పుడు ఎంత చోటివ్వాలో నిర్ణయించే ప్రోగ్రామ్ ఒకటి నడుస్తూ ఉంటుంది. షెడ్యూలర్ అంటారు. దాని మీద పనిచేసే టీమ్‌లో నేనొకణ్ణి. ఈ ముక్క ఎవరి ముందైనా నోరు జారానా, ఇక అంతే. హాస్టల్ ఓనర్ అంకుల్ దగ్గర్నుంచి కటింగ్ షాపు అన్న దాకా అందరికీ నేనే కస్టమర్ కేర్. "మా బెడ్‌రూమ్‌లో సిగ్నల్ వస్తలేదు, జర చూడు తమ్మీ!"

అన్నిటికంటే ఎక్కువ వినే ఫిర్యాదు మాత్రం వేరు. కాల్ వస్తే నెట్ పోతోంది.

మీకూ అయ్యే ఉంటుంది. పొద్దున పదింటికి ఏసీ తత్కాల్ తెరిచారు, పేర్లు కొట్టేశారు, పేమెంట్ చక్రం తిరుగుతోంది... సరిగ్గా అప్పుడే లోన్ కావాలా అంటూ ఒక ఫోన్. కట్ చేసేలోపు బెర్తులు అయిపోయాయి. మనం తిట్టుకునేది ఆ లోన్ అమ్మాయిని. అసలు సంగతి అంతకంటే పాతది.

ఒకరోజు కొత్తగూడ జంక్షన్ వైపు నుంచి మా గల్లీకి బిర్యానీ తెచ్చిన కుర్రాడు కింద బైక్ మీద కూర్చుని ఒకటే పని మళ్ళీ మళ్ళీ చేస్తున్నాడు. నాకు ఫోన్ చేస్తాడు, రెండు ముక్కలు మాట్లాడతాడు, కట్ చేస్తాడు, మ్యాప్ చూస్తాడు, మళ్ళీ చేస్తాడు. కిందికి వెళ్లి అడిగితే చెప్పాడు: "ఫోన్ మాట్లాడితే మ్యాప్ ఆగుతది అన్నా. కట్ చేస్తే మళ్లా వస్తది. అందుకే జర మాట్లాడుత, జర చూస్త." పాపం, రోజుకి పాతిక ముప్పై ఆర్డర్లట. ప్రతి ఆర్డర్‌కీ ఇదే తంతు. అతనికి అదేదో ఫోన్ జబ్బు అనిపించింది. ఫోన్ మార్చాలంటే డబ్బుల్లేవు.

ఫోన్ తీసుకుని చూశాను. సెకండ్ హ్యాండ్‌లో కొన్న 4జీ ఫోన్. సెట్టింగ్స్‌లో వోల్టీ ఆఫ్‌లో ఉంది. ఆన్ చేశాను. నాకే కాల్ చేయించి, మాట్లాడుతూనే మ్యాప్ తెరవమన్నాను. నీలం చుక్క కదిలింది. "అరె!" అన్నాడు. ఆరు నెలల నుంచి అలాగే తిరుగుతున్నాడట.

ఏం జరిగిందంటే, 4జీ నెట్‌వర్క్ పుట్టుకతోనే డేటా నెట్‌వర్క్. పాతకాలం పద్ధతిలో కాల్ కలిపే లైను అందులో లేదు. వోల్టీ అంటే మాటని కూడా డేటా ముక్కలుగా చేసి 4జీ మీదే పంపే ఏర్పాటు. అది లేకపోతే, లేదా ఆఫ్‌లో ఉంటే, కాల్ రాగానే ఫోన్ 4జీని వదిలేసి కింది మెట్టుకి దిగాలి. ఆ మెట్టు 3జీ అయితే మాట, డేటా రెండూ కలిసి నడిచేవి. కానీ మన దగ్గర చాలాచోట్ల 3జీని మూసేశారు. ఇక దిగేది నేరుగా 2జీకే. అక్కడ మామూలుగా కాల్ నడుస్తున్నంతసేపూ డేటా ఆగి నిలబడాలి. కాల్ అయ్యాక మళ్ళీ 4జీ ఎక్కాలి. ఆ దిగడం, ఎక్కడం మధ్య మ్యాప్ గతి అంతే.

రెండు సిమ్‌లు వాడేవాళ్ళది ఇంకో కథ. చాలా ఫోన్లలో సిమ్‌లు రెండున్నా మాట్లాడే రేడియో ఒక్కటే. నెట్ ఒక సిమ్ మీద పెట్టుకుని, కాల్ ఇంకో సిమ్‌కి వస్తే రేడియో అటు వెళ్లిపోతుంది. ఇందులో టవర్ తప్పేం లేదు. ఈమధ్య ఫోన్లలో కాల్ నడిచేటప్పుడు డేటాని కూడా కాల్ ఉన్న సిమ్ వైపే మార్చే ఆప్షన్ ఇస్తున్నారు. సిమ్ సెట్టింగ్స్‌లో ఒకసారి వెతకండి. నా దగ్గరికి వచ్చే ఫిర్యాదుల్లో సగం అక్కడే తీరిపోతాయి.

కానీ 2జీలో డేటా ఎందుకు ఆగాలి? ఎవరు పెట్టారు ఈ రూలు? నాకు ఈ ఉద్యోగంలో అన్నిటికంటే నచ్చిన కథ ఇదే. కాస్త ఓపిక పట్టండి.

2జీలో గాలిని 200 కిలోహెర్ట్జ్ వెడల్పు పట్టీలుగా కోస్తారు. ఒక్కో పట్టీని మళ్ళీ కాలంలో ఎనిమిది ముక్కలు చేస్తారు. ఎనిమిది ముక్కల చుట్టు ఒకటి తిరగడానికి 4.615 మిల్లీసెకన్లు. మీరు కాల్ చేస్తే ప్రతి చుట్టులో ఒక ముక్క మీది. మీరు మాట్లాడినా, అలిగి మౌనంగా కూర్చున్నా, కట్ చేసేదాకా అది మీదే. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి రుమాలు వేసి సీటు ఆపుకున్నట్టు. డేటా మొదట్లో లేదు. తర్వాత జీపీఆర్ఎస్ పేరుతో వచ్చినప్పుడు దానికి కొత్త బస్సు వేయలేదు. ఉన్న బస్సులోనే ఖాళీ సీట్లో కూర్చోమన్నారు. రుమాలు వేసినాయన రాగానే లేవాలి. డేటా కోసం ఒకటో రెండో సీట్లు విడిగా ఉంచేవాళ్ళు, మిగతావన్నీ ఖాళీ అయితేనే.

"బస్సు నిండుగా ఉంటే ఖాళీ ఎక్కడిది?" అనుకోవచ్చు. ఇక్కడే అసలు తమాషా. ఎర్లాంగ్ అనే డెన్మార్క్ గణితవేత్త కోపెన్‌హాగెన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేస్తూ 1917లో ఒక ఫార్ములా ప్రచురించాడు. ఇంజినీరింగ్‌లో దాన్ని పది మార్కుల కోసం బట్టీ పట్టి పరీక్ష రాసి మర్చిపోయాం. ఇప్పుడు దాని మీదే బతుకుతున్నా. అదేం చెబుతుందంటే, ఒక టవర్ కింద సగటున ఎనిమిది కాల్స్ నడుస్తుంటాయి అనుకోండి. సరిగ్గా ఎనిమిది చోట్లే పెడితే దాదాపు నాలుగో వంతు కాల్స్‌కి లైను దొరకదు. ఎందుకంటే జనం సగటు చూసుకుని ఫోన్ చేయరు కదా. ఒక నిమిషంలో ముగ్గురే ఉంటారు, మరో నిమిషంలో పన్నెండు మంది. నూటికి తొంభై ఎనిమిది కాల్స్ కలవాలంటే పద్నాలుగు చోట్లు కావాలి. అంటే మాట కోసం పద్నాలుగు సీట్లు కట్టితీరాలి, కానీ సగటున ఆరు ఖాళీగానే ఉంటాయి. ఆ ఆరూ డేటాకి ఫ్రీ. అవసరం పడ్డప్పుడు వెనక్కి ఇచ్చేయాలి, అంతే షరతు.

మనం చిన్నప్పుడు కీప్యాడ్ ఫోన్‌లో ఒక వాల్‌పేపర్ దిగడానికి నిమిషాలకి నిమిషాలు చూసిన నెట్ ఇదే. పక్కవాళ్ళు మాట్లాడుకోగా మిగిలిన గాలి. పైన "ఈ" అనే ఇంగ్లిష్ అక్షరం వచ్చాక అదే ముక్కలోకి ఇంకాస్త ఎక్కువ డేటా కుక్కడం నేర్చుకున్నారు. క్రమం మాత్రం మారలేదు. మాట ముందు, డేటా తర్వాత.

మాటకి కూడా చోటు సరిపోనప్పుడు ఇంకో ఉపాయం ఉండేది. ఒకే సీట్లో ఇద్దర్ని సర్దడం. మామూలుగా మాటకి సెకనుకి 13 కిలోబిట్లు ఇచ్చేవాళ్ళు. రద్దీ పెరిగితే 5.6కి కుదించి ఒక ముక్కలో రెండు కాల్స్ నడిపేవాళ్ళు. దసరా ముందురోజు ఎంజీబీఎస్‌లో నిలబడి నాన్న ఊరికి ఫోన్ చేస్తే అవతల అమ్మ గొంతు కుండలో తలపెట్టి మాట్లాడినట్టు వినిపించేది. ఫోన్ పాడైందని ఆయన దాన్ని రెండు దెబ్బలు కొట్టేవాడు. అది పండగ రద్దీ. అమ్మ గొంతులో సగం ఎవరికో ఇచ్చేశారన్నమాట.

అన్నట్టు, పండగ రోజుల్లో మెసేజ్ ప్యాక్ పనిచేయదని, ప్రతి ఎస్ఎంఎస్‌కీ డబ్బులు పడతాయని వచ్చే నోటీసులు గుర్తున్నాయా? ఎస్ఎంఎస్ వెళ్లేది కాల్ కలపడానికి వాడే చిన్న సిగ్నలింగ్ దారిలోనే. అందరూ ఒకేసారి శుభాకాంక్షలు పంపితే కాల్స్ మొదలవడానికే దారుండదు. ఆ డబ్బులకి కారణం అదొక్కటే అని మాత్రం నేను అనను!

మాటకి ఈ మొదటి సీటు మర్యాద ఎందుకిచ్చారు? మనుషుల మాట గొప్పదనా? నాకైతే అలా అనిపించదు. అప్పట్లో మాట నిమిషాల లెక్కన అమ్ముడుపోయేది. కాల్ కలవకపోతే నేరుగా డబ్బు పోయినట్టే. వాల్‌పేపర్ ఆలస్యమైతే పోయేదేం లేదు. మాట డబ్బు కాబట్టి మాటకి సీటు.

2016 సెప్టెంబర్ 5న జియో మొదలయ్యాక ఆ లెక్క తలకిందులైంది. వాళ్ళకి 2జీ, 3జీ లేనే లేవు. మాటంతా వోల్టీయే. కాల్స్ ఉచితం, అమ్మేది డేటా. ఆ తర్వాత మిగతావాళ్ళూ అటే వచ్చారు. ఇప్పుడు మనం రీఛార్జ్ చేసేటప్పుడు నిమిషాలు ఎవరు చూస్తున్నారు? రోజుకి ఎన్ని జీబీలు అనే కదా.

విచిత్రం ఏంటంటే, డబ్బు పోయినా మాట మర్యాద పోలేదు. 4జీలో గాలిని సన్న గళ్ళుగా కోస్తాం. 20 మెగాహెర్ట్జ్ వెడల్పుంటే ప్రతి మిల్లీసెకనుకీ వంద గళ్ళు. ఏ గడి ఎవరికన్నది ప్రతి మిల్లీసెకనూ షెడ్యూలర్ మళ్ళీ కొత్తగా నిర్ణయిస్తుంది. రుమాళ్ళ బస్సు పోయింది. కానీ వరుసలు ఉన్నాయి. మీ మామూలు కాల్‌ది క్యూసీఐ ఒకటో నంబరు వరుస. దాని ముక్క వంద మిల్లీసెకన్లలోపు చేరిపోవాలి. రీల్స్, యాప్‌లు, డౌన్‌లోడ్లు సాధారణంగా తొమ్మిదో నంబరు వరుస. అక్కడ మూడొందల మిల్లీసెకన్ల దాకా ఓపిక పట్టమంటారు, కచ్చితమైన వేగం హామీ ఏమీ లేదు.

ఈ మర్యాదకి ఖర్చెంత? మాట ముక్క 20 మిల్లీసెకన్లకి ఒకటి వస్తుంది. ఆ టైములో గళ్ళు రెండు వేలు. సిగ్నల్ బాగుంటే మాటకి పట్టేవి ఒకటి రెండు. ఒకప్పుడు బస్సంతా తనదే అన్న మాట ఇప్పుడు డ్రైవర్ పక్కన ఒద్దికగా కూర్చున్న ముసలమ్మ. ఆమెని ముందు ఎక్కించడానికి ఎవరికీ నొప్పి లేదు.

మరి వాట్సాప్ కాల్? అదీ మాటే కదా! కానీ నెట్‌వర్క్ కంటికి అది మాట కాదు, తొమ్మిదో వరుసలో నిలబడ్డ ఇంకో డేటా. పక్క హాస్టల్ కుర్రాడు చూస్తున్న వెబ్ సిరీస్‌తో భుజం భుజం రాసుకుని నిలబడాలి. ఆపరేటర్ దయతలచి దాన్ని ముందుకి జరపడానికీ లేదు. 2018లో మన ప్రభుత్వం ఆమోదించిన నెట్ న్యూట్రాలిటీ నియమాల ప్రకారం ఇంటర్నెట్ డేటాలో ఒక యాప్‌కి ముందువరుస, ఇంకో యాప్‌కి వెనకవరుస ఇవ్వకూడదు. మంచి రూలే. కానీ దాని ఫలితం ఇది.

కొండాపూర్‌లో ఇది గడియారం పెట్టుకుని చూడొచ్చు. పగలు జనమంతా మైండ్‌స్పేస్ వైపు ఆఫీసుల్లో ఉంటారు, అక్కడి టవర్లకి చెమటలు. రాత్రి తొమ్మిది దాటాక ఆ జనమే రాఘవేంద్ర కాలనీ, మసీదు బండ హాస్టళ్ళలోకి వచ్చిపడతారు. ఒక్కో బిల్డింగ్‌లో వంద మంచాలు, ఒక్కో మంచం మీద ఒక వీడియో. హాస్టల్ వైఫై సంగతి మీకు తెలుసు కాబట్టి అందరూ మొబైల్ డేటా మీదే. ఆ టైములో ఇంటికి వాట్సాప్ కాల్ చేస్తే గొంతు ముక్కలు ముక్కలవుతుంది. "వినబడుతుందా? హలో... వినబడుతుందా?" అంటూ అరిచేకంటే కట్ చేసి మామూలు కాల్ చేయండి. అదే టవర్, అదే గాలి, అదే ఫోన్. వరుస వేరు. చాలాసార్లు గొంతు కడిగిన ముత్యంలా వస్తుంది. అమెరికాలో ఉన్న అన్నకి ఈ చిట్కా పనికిరాదు, బిల్లు చూసి ఏడుస్తారు.

ఇక్కడిదాకా బాగానే ఉంది. నాకు నిద్ర పట్టనిది ఇంకోచోట.

మా ఊరు సూర్యాపేట దగ్గర. అమ్మది ఇప్పటికీ 2జీ కీప్యాడ్ ఫోన్. ఒక్కసారి ఛార్జ్ చేస్తే నాలుగు రోజులు, నేల మీద పడినా ఏం కాదు, ఏ బటన్ ఎక్కడుందో చీకట్లో కూడా తెలుసు. మార్చమంటే "దీనికేమైంది బిడ్డా?" అంటది. దానికేం కాలేదు. దాని కింద ఉన్న గాలికే గిరాకీ పెరిగింది.

2జీ కోసం 5 మెగాహెర్ట్జ్ పెడితే 25 పట్టీలు వస్తాయి. పక్కపక్క టవర్లు ఒకే పట్టీ వాడితే గోల కాబట్టి ఆ పాతికనీ ఊళ్ళకి పంచాలి. ఒక్కో టవర్‌కి దక్కేవి కొన్నే. అదే 5 మెగాహెర్ట్జ్‌లో 4జీ పెడితే ఒకే టవర్ నుంచి గరిష్ఠంగా 37 ఎంబీపీఎస్ దాకా తీయొచ్చు, పక్క టవర్ కూడా అదే గాలిని వాడుకోవచ్చు. కాగితం మీద ఇది వాదనే కాదు. 2020 జులై 31న, దేశంలో మొదటి మొబైల్ కాల్‌కి పాతికేళ్ళైన సందర్భంగా, 30 కోట్ల మంది ఇంకా 2జీలో చిక్కుకుపోయారని, దాన్ని చరిత్రలో కలిపేయాలని ముకేశ్ అంబానీ అన్నారు. అది ఆయన వ్యాపారానికి అనుకూలమైన మాటే, అలాగని అబద్ధం కూడా కాదు. అప్పట్లో నేను కొత్తగా ఉద్యోగంలో చేరాను, చప్పట్లు కొట్టినవాళ్ళలో ఉన్నాను.

ఇప్పుడు మా మీటింగుల్లో ఒక షీట్ వస్తుంటుంది. పేర్లు చెప్పను. ఏ ప్రాంతంలో 2జీకి ఎన్ని పట్టీలు ఉంచాలి, ఎన్ని లాగి 4జీకి ఇవ్వాలి అని. ఒక కాలమ్ పేరు "లెగసీ యూజర్లు". అందులో ఉన్నది మా అమ్మే. నెలకి ఇన్ని నిమిషాలు, సున్నా డేటా. ప్రోగ్రామ్‌కి పక్షపాతం లేదు. ఎన్ని ఉంచమంటే అన్నే ఉంచుతుంది. ఆ అంకె ఒక మనిషి టైప్ చేస్తాడు. ఒకప్పుడు మాటే డబ్బు కాబట్టి ఆ అంకె దానంతటదే అమ్మ వైపు ఉండేది. ఇప్పుడు ఎవరో ఒకరు పనిగట్టుకుని ఉంచితేనే ఉంటుంది.

పోయిన వానాకాలం మా పక్కింటి తాతకి రాత్రి పన్నెండింటికి గుండెలో నొప్పి వచ్చింది. మనవడి చేతిలో మంచి స్మార్ట్‌ఫోనే ఉంది. ఇంట్లో ఒక్క గీత లేదు. వాకిట్లోకి పరిగెత్తాడు, వానలో వచ్చీ పోయీ సిగ్నల్, కాల్ కలవలేదు. అమ్మ గోడ మీద నుంచి తన డబ్బా ఫోన్ అందించింది. 108 కలిసింది. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన ఆ 108 కూడా మాట మీదే నడుస్తుంది, రీల్స్ మీద కాదు. తాత ఇప్పుడు బాగానే ఉన్నాడు, చుట్ట మానలేదు.

మాయేం లేదు. మా టవర్‌లో 2జీ 900 బ్యాండ్‌లో ఉంది, 4జీ అంతకంటే పై ఫ్రీక్వెన్సీలో. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ గోడలు దాటే బలం తగ్గుతుంది. మా ఊరి మట్టి గోడలు మూరెడు మందం. అందుకని ఆ షీట్ మీద నా మాట ఎప్పుడూ ఒకటే. ముందు అదే 900లో 4జీని సన్నగా పక్కన నిలబెట్టండి. ఇంటి లోపల గీతలు సమానం అయ్యాక 2జీ పట్టీలు ఒక్కోటి లాగండి. రెంటినీ ఒకే బ్యాండ్‌లో సర్దే సాఫ్ట్‌వేర్ మా దగ్గరే ఉంది, సిగ్గులేకుండా అమ్ముకుంటున్నాం కూడా. "ఎమోషనల్ అవుతున్నావ్ బ్రో" అన్నారు ఒకసారి. అవుతున్నా. షీట్‌లో ఇంటి లోపలి సిగ్నల్ కోసం ఒక కాలమ్ పెట్టించాను, అది మాత్రం ఉంది.

మొన్న దసరాకి అమ్మకి 4జీ కీప్యాడ్ ఫోన్ కొనుక్కెళ్ళాను. అమ్మ దాన్ని పట్టుకుని ఇల్లంతా తిరిగింది. అర్రలో లేదు, వంటింట్లో లేదు, దేవుడి గూడు దగ్గర రెండు గీతలు. అక్కడే పెట్టేసింది, పసుపు కుంకుమ పక్కన. పాతది మాత్రం రొంటినే ఉంది. మా ఊరి టవర్ మీద 900లో 4జీ వేస్తారట, ఆ పని జాబితాలోకి ఎక్కింది. అది వచ్చాక పాతది తీసేస్తావా అమ్మా అంటే, "ముందు నువ్వు నా వంటింట్ల పొయ్యి కాడ నిలబడి మాట్లాడి చూపెట్టు" అంది.